మహబూబాబాద్ కోడలి బుంగమూతి

కాటారం అవతల, అడవి క్యాంపు
రంజాన్ మూడో రోజు

ప్రేమగల ఖుర్షీద్ ఫుప్పుకు తన్వీర్ వేయి సలాములు.

నేను క్షేమంగా చేరిన. ఇక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. ఉన్నా లాభం లేదు, నీకు ఫోనుల నా మాట వినబడదు. అందుకే మన ఉత్తరాలు బస్సు కండక్టర్ బీక్యా అన్న చేతికే. వారానికి రెండు సార్లు ఇటు వస్తడు, జనగామ బస్టాండుల నీకు కవరు అందిస్తడు. మంచి మనిషి. కాకపోతే అంటించిన కవరుల ఏమున్నదో కూడా ఆయనకు తెలుస్తది. ఎట్ల తెలుస్తదో నేను అడగలే.

నా పని చెట్లు లెక్కబెట్టుడు. ఆరు నెలలు ఒక్క నాగా లేకుండ చేస్తేనే నౌకరీ పక్కా అయితదట. పండుగకు కూడా సెలవు లేదన్నరు. మనిషినే ఇక్కడ, పానమంతా నీ ముందరి అర్రల ఉన్న ఉప్పునీళ్ల తొట్టి కాడనే ఉన్నది.

మళ్లొకసారి చెప్తున్న, ఇసుక్కోకు. ఆ వెండి రంగు మీద నల్ల చారలున్న రెండు బంగాయి చేపలు ఇండోనేషియా దిక్కు ఒక చిన్న దీవుల గుంపు కాడ పుట్టే జాతి. మన దగ్గర దొరకవు. తల వెడల్పున్నది మనది, మగది. తోక కొస చీలింది మహబూబాబాద్ విద్యాసాగర్ సార్ ఇచ్చిన ఆడది. ముప్పై ఏండ్లు కాలేజీల జంతుశాస్త్రం చెప్పిన మనిషి, "ఇది ఆడపిల్లనే, నాది పూచీ" అని ఇచ్చిండు. షరతు యాదికున్నది కదా? పండుగ నాటికి పిల్లలు కాకపోతే ఆయన బిడ్డను ఆయన తీసుకపోతడు. జత విడిపోతే నేను మళ్లీ జత కూర్చలేను ఫుప్పూ.

కరెంటు పోతే చెంబుతో నీళ్లు తీసి పైకెళ్లి పోస్తుండు. వంట ఉప్పు వెయ్యకు. తొట్టి అడుగున పాకే ముండ్ల బంతిని ముట్టకు, అది కూడా సముద్రపు జీవే, భయమైతే చేపలు దాని ముండ్లల్లనే దాక్కుంటయి.

ఇట్లు
నీ తన్వీర్

తా.క.: మగది తింటున్నదా లేదా, ప్రతి ఉత్తరంల రాయి. ఎందుకని మాత్రం అడగకు.


జనగామ
ఏడో రోజా

బేటా తన్వీర్‌కు ఫుప్పు దువాలు.

నీ ఉత్తరం నా చేతుల పెట్టుకుంటనే బీక్యా "మగది తింటున్నదా అమ్మా?" అని అడిగిండు. నేను కవరు కొంగుల దాచుకొని గబగబ ఇంటికొచ్చిన.

బిడ్డా, నాకు నీ తొట్టి అంటే భయం. మీ మామ పోయినంక ఈ ఇంట్ల ఒక్కదాన్నే ఉంటున్న, దొంగకు భయపడలే, దయ్యానికి భయపడలే. ఇప్పుడు ఆ మోటరు గుర్రుమంటే భయం, గుర్రుమనకపోతే ఇంకా భయం. నిన్న సరిగ్గ ఇఫ్తార్ టైముకు కరెంటు పోయింది. ఒక చేతుల ఖర్జూరం, ఒక చేతుల చెంబు. ఆ ముండ్ల బంతి సంగతి చెప్పనే వద్దు. పెద్ద పల్లేరుకాయ తీర్గ ఉండి, నేను ఎటు జరిగితే అటు ముండ్లు తిప్పుతున్నది.

ముప్పై ఏండ్లు దవాఖానల కాన్పుల వార్డుకు ఆయాగ చేసిన. నడక చూసి ఎన్నో నెలనో చెప్పేదాన్ని. నీ చేపల ముందు ఆ ఇల్మ్, ఆ తెలివి ఏం పనికొస్తలేదు.

నువ్వు అడిగింది రాస్తున్న. మగది మస్తు తింటున్నది. రొయ్య ముక్క వేసుడు ఆలస్యం, ఎగబడతది. కోడలు కూడా మంచిగనే ఉన్నది. నువ్వు రంది పెట్టుకోకు, చెట్లు లెక్కబెట్టుకో.

ఇట్లు
ఖుర్షీద్ బేగం

తా.క.: పక్కింటి సరోజన మనుమరాలు శ్రేయ ఉన్నది చూడు, ఆ పిల్ల వారం సంది ఏం తింటలేదట. మూతి ఉబ్బింది. కొత్త చోటికి వచ్చి బెంగ పెట్టుకున్నదో, గవదలు లేచినయో తెలుస్తలేదు. నీకు ఏమన్న మందు తెలిస్తే రాయి. నా కోసం కాదు, సరోజన కోసం.


అడవి క్యాంపు
రంజాన్ పదకొండో రోజు

ఫుప్పుకు సలాం.

"మగది మస్తు తింటున్నది" అన్న ముక్క చదివినంక నా పని కరాబైంది. నాలుగు వందల పన్నెండో చెట్టు కాడ లెక్క తప్పి మళ్లీ మొదటి చెట్టుకు పోయిన. మా పెద్దసారు రాజలింగం "ఏందయ్యా, ఇంట్ల ఎవలన్న పోయిండ్రా?" అని అడిగిండు.

నువ్వు తప్పు చూసి ఉంటవు. తల వెడల్పున్నదాన్ని చూడు. నిజంగ తింటున్నదా? ముక్క నోట్లకు పోతున్నదా, పక్కకు పడుతున్నదా? దాని మూతి ఎట్లున్నది? నన్ను ఖుషీ చేయనీకె రాయకు, నా మీద ఒట్టు. ఉన్నది ఉన్నట్టు రాయి.

శ్రేయ సంగతి: గవదలైతే అంటుకుంటయి. పిల్లను విడిగ ఉంచుమను, మెత్తటి తిండి పెట్టుమను, గొంతుకు వెచ్చటి గుడ్డ చుట్టుమను. తొట్టి దగ్గరికి మాత్రం రానియ్యకు.

ఇట్లు
తన్వీర్

తా.క.: నిన్న ఎలుగుబంటి అడుగులు కనబడ్డయి. అందరు ఉరికిండ్రు, నేను ఉరకలే. క్యాంపుల అందరు నన్ను ధైర్యవంతుడంటున్నరు. నీ ఉత్తరం చదివినంక ఎలుగుబంటి ఒక లెక్కనా?


జనగామ
పదహారో రోజా

బేటా తన్వీర్‌కు దువాలు.

నా మీద ఇంత అనుమానమా? ఎత్తుకొని పెంచిన మేనత్తను దారోగా అడిగినట్టు అడుగుతవా? సరే, రాసుకో. మగది తింటున్నది. అల్లా సాక్షి, సరోజన సాక్షి, ఇద్దరి ముందట తిన్నది. వాటాకు మించి తింటున్నది. బొద్దుగ అయ్యింది. మూతి సన్నగ, సక్కగ ఉన్నది, వాపు లేదు, ఏం లేదు. ఇంకేం కావాలె నీకు?

విద్యాసాగర్ సార్ కబురు పంపిండు. పండుగ నాడు పొద్దుగాల రైలుకు వస్తడట, థర్మాకోల్ డబ్బా తెస్తడట. అది విన్నకాడికెళ్లి నా గుండె గుండెల లేదు. ఆయన మొఖం ఎట్ల చూడాల్నో. అంటే, ఊకెనే అంటున్న. కోడలు మంచిగనే ఉన్నది.

ఇట్లు
ఖుర్షీద్ బేగం

తా.క.: శ్రేయ ఇంకా తింటలేదు. పదహారు రోజులైంది. "నీ తోడుకు రోజా పట్టిందేమో అక్కా" అని సరోజన అన్నది. నేను కూడా అట్లనే అనుకొని సంబురపడ్డ, కాని ఇఫ్తార్‌కు కూడా నోరు తెరువది. విడిగ ఉంచుదామంటే చేతికి దొరుకుతలేదు. గొంతుకు గుడ్డ చుట్టుడు అసలే కాలే. పొద్దంత ఒక్క మూలకు, బుంగమూతి పెట్టుకొని, నీళ్లల్లనే ఉంటది. ఇట్లనే ఉంటే ఎన్ని రోజులు బతుకుతది బిడ్డా? సరోజన బాగ ఏడుస్తున్నది.


అడవి క్యాంపు
రంజాన్ ఇరవై మూడో రోజు

ఫుప్పూ,

ఇగ దాచి లాభం లేదు, చెప్తున్న.

పోయినేడు నా నారింజ చేపలు రాయి మీద గుడ్లు పెడితే జనగామంతా చెప్పుకొని తిరిగిన. తెల్లారేసరికి ఒక్క గుడ్డు లేదు. దిష్టి తగిలిందని నువ్వే అన్నవు. మూడో నెల దాటందే కడుపు సంగతి బయట పెట్టొద్దని నువ్వే చెప్పేదానివి. అందుకే ఈసారి నీకు కూడా చెప్పలే. నేను బయలుదేరే ముందు ఆ రెండు చేపలు పక్కపక్కకు చేరి వణుకుతున్నయి. గుడ్లు వచ్చే గడియ అది.

ఈ జాతిల గుడ్లను మోసేది తండ్రి. తల్లి పెట్టంగనే తండ్రి వాటిని నోట్లె పెట్టుకొని, నెల రోజుల దాక ఏమీ తినడు. మూతి ఉబ్బుతది. పిల్లలు నోట్లెనే పొదుగుతయి, ఈత కొట్టేటంత అయినంకనే బయటికి వదులుతడు. ఇప్పుడు తెలిసిందా, నేను ఎందుకు అడిగిన్నో? మగది మూతి సన్నగ ఉండి మస్తుగ తింటున్నదంటే, నా పిల్లలను కూడా అట్లనే మింగేసింది.

ఇక్కడ నా కండ్లు చెట్లను చూస్తలేవు. రాజీనామా కాయిదం రాసి, భూపాలపల్లి ఆఫీసుల ఇయ్యుమని ఈ కవరుతో పాటే బీక్యా అన్నకు ఇచ్చిన. పండుగ అయిన తెల్లారి బస్సుకు వస్త.

ఇంకొకటి. పదహారు రోజులు తిండి లేని పసిదాన్ని నీళ్లల్ల నిలబెట్టిండ్రా! సరోజన అక్కకు మతి ఉన్నదా? శ్రేయ నాయిన గౌతమ్‌కు తెలుసా? చేప పోతే నా ఒక్కనికే నష్టం, పిల్ల సంగతి అట్ల కాదు. ఈ ఉత్తరం అందిన ఘడియల దవాఖానకు పట్టుకపోండ్రి.

ఇట్లు
తన్వీర్

తా.క.: సార్ బిడ్డను మర్యాదగ పంపు. ఆడపిల్ల వట్టి చేతులతో పోతే మంచిది కాదు, ఒడిబియ్యం పోద్దామంటే దానికి ఒడి కూడా లేదు.


జనగామ
పండుగ నాడు, పగటి పూట

బేటా తన్వీర్‌కు ఈద్ ముబారక్.

ముందుగాల ఈ ముక్క చదువు: నువ్వు రాకు, ఈ కవరు తెచ్చిన బస్సు ఎక్కకు. తర్వాత కూసొని మిగిలింది చదువు.

శ్రేయకు ఏం కాలే. ఆ పిల్ల ఒక్క పూట కూడా తిండి మానలే, ఇప్పుడే నా ఎదురుంగ షీర్ ఖుర్మా రెండో గిన్నె తాగుతున్నది. తిననిది మహబూబాబాద్ కోడలు. మొదటి రోజా నుంచి నోరు తెరవలే. పుట్టిల్లు యాదికొచ్చి బుంగమూతి పెట్టుకున్నదనుకున్న. ఉన్నది రాస్తే నువ్వు నౌకరీ ఇడిసి ఉరికొస్తవని శ్రేయ మీద పెట్టి రాసిన. ఏడ్చింది కూడా సరోజన కాదు, నేను. అల్లా నన్ను మాఫ్ చెయ్యాలె.

నీ ఉత్తరం ఇరవై ఆరో రోజా నాడు అందింది. "గుడ్లను మోసేది తండ్రి, నోట్లె పెట్టుకొని, మూతి ఉబ్బుతది" అన్నకాడ మూడు సార్లు చదివి తొట్టి కాడికి పోయిన. తోక చీలింది మూలకు నిలబడ్డది. అద్దాలు పెట్టుకొని మూతి దిక్కు చూసిన. లోపల సన్న సన్న కండ్లు మెరుస్తున్నయి. యా అల్లా! నా చేతుల మీదుగ వేల కాన్పులు అయినయి, నా ముందరి అర్రల నెల రోజుల సంది నిండుగున్న మనిషిని గుర్తుపట్టలే! అంటే తన్వీరూ, కోడలు కోడలు కాదు. మగది మగది కాదు.

ఎవరికీ చెప్పలే, దిష్టి. ఆఖరికి సరోజనకు కూడా చెప్పలే. ఈ నాలుగు రోజులు పడ్డ భయం నా జన్మల పడలే. కరెంటు పోతదని చెంబు పట్టుకొని తొట్టి పక్కననే కూసున్న. ఎవరన్న తలుపు గట్టిగ కొడితే లోపలిది బెదిరి మింగుతదేమోనని, ఇంటి ముందట నిలబడి "కొట్టకుండ్రి, పిలువుండ్రి" అని చెప్పిన.

ఈ పొద్దున మొగోళ్లు ఈద్గాకు పోయిండ్రు. నేను సేమియా వేయించుకుంట తొట్టి దిక్కు చూసిన. అది నోరు తెరిచింది. ఒకటి, రెండు, తర్వాత గుంపుగ. సేమియా ముక్కంత ఉన్నయి, ఒంటి మీద చారలతో సహా! నేను అట్లనే నిలబడ్డ, సేమియా మాడింది. ఇంతల ఆ వెడల్పు తలది, కన్నతల్లి, వాటి దిక్కే నోరు తెరుచుకొని వచ్చింది. ఏం చెయ్యాలె? ముండ్ల బంతి గురించి నువ్వు రాసింది యాదికొచ్చింది. అన్నం గరిటె తీసుకొని, ఆ ముండ్ల బంతిని మెల్లగ నూక్కుంట పిల్లల దగ్గరికి తెచ్చిన. వేలికి ముల్లు దిగింది, మండుతున్నది. కాని పిల్లలన్నీ ఉరికి ముండ్ల నడుమ దాక్కున్నయి. తల్లి అటు పోలే. ఇరవై దాటి ఉంటయి, ఆ పైన లెక్కబెట్టలే, అది నీ పని.

అప్పుడే విద్యాసాగర్ సార్ వచ్చిండు, చంకల డబ్బా.

"ఏదమ్మా నా బిడ్డ?" అన్నడు.

"జర కూసోండి సార్. మీ బిడ్డ తండ్రయ్యిండు" అన్న.

సార్ వంగి చూసిండు. అద్దాలు తుడుచుకొని మళ్లీ చూసిండు. "ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన" అన్నడు.

"నేను ముప్పై ఏండ్లు కాన్పులు చేయించిన సార్. సిగ్గు ఇద్దరిదీ" అన్న.

"మరి షరతు? ఆడపిల్లనని కదా మీరు పూచీ ఇచ్చింది?" అని నేనే భయం భయంగ అడిగిన. సార్ డబ్బా మూత మళ్లీ పెట్టేసిండు. "ఆడపిల్లయితే తీసుకపోయేటోన్ని. అత్తగారింట్ల పిల్లలను కన్న అల్లున్ని ఎట్ల తీసుకపోవాలె? ఇల్లరికం ఉండనీ" అన్నడు. పోయేటప్పుడు మనుమలను చూడనీకె మళ్లొస్తనని డబ్బా ఇక్కడనే పెట్టి పోయిండు.

నాకు ఇంకా భయమైతనే ఉన్నది బేటా. ఇంతకుముందు రెండింటికి భయపడుతుంటి, ఇప్పుడు ఇరవైకి. కాని మీ మామ పోయినంక పండుగ నాడు ఈ ఇంట్ల ఇంతమంది ఉన్నది ఇదే మొదలు.

ఇట్లు
నీ ఫుప్పు

తా.క.: నీ ఇల్లరికం అల్లుడు నెల రోజుల రోజా ఇడిసిండు. ఒక్క ముక్క వేస్తే నాలుగు ముక్కలకు చూసిండు.

ఇంకో తా.క.: నెల రోజులు నీకు అన్నీ అబద్ధాలే రాసిన. "మగది తింటున్నది" అన్నది ఒక్కటే నిజం, అది కూడా తల్లి అయిపాయె. బాలింత తినకపోతే ఎట్ల?

ఆఖరి తా.క.: నీ రాజీనామా కాయిదం బీక్యా ఆఫీసుల ఇయ్యలే. "మనసు బాగలేనప్పుడు రాసిన కాయిదం వారం నా సంచిల ఉండాలె, అది నా రూలు" అని ఈ పొద్దున ఖుర్మా తాగనీకె వచ్చి నా చేతుల పెట్టిండు. ఇప్పుడు రాస్తున్న ఈ మేజ కాలు ఒకటి పొట్టిగుంటే, దాని కింద మడిచి పెట్టిన. ఇగ ఊగుతలేదు.