కొత్త కంప్యూటర్ అడిగిన పేరు

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మన ముత్తియాల్‌పేట అంగడికి కొత్త కంప్యూటర్ వచ్చింది. మీరు రాసిన బిల్లుల ప్రోగ్రాం ఇందులో నడవకపోతే వేరేది కొంటానన్నారు మామయ్య.

మీరు ఆ ప్రోగ్రాం రాసిన కంప్యూటర్ భాషను మీ తమ్ముడు ఇందులో ఎక్కించి, ప్రోగ్రాం తెరిచాడు. చాలాసేపు తెర నల్లగానే ఉంది.

"నిలిచిపోయింది వదినా, ఆపేస్తా."

"ఉండప్పా. మొదటిసారి దానికి కావాల్సినవన్నీ వెతికి సర్దుకోవాలంట. ఆ పైనే మన పని చూస్తాదని మీ అన్న చెప్పినారు."

'కొత్త కోడలి మాదిరి' అని మీరు నన్ను ఆటపట్టించిన సంగతి చెప్పలేదు.

కాసేపటికి అది వాడేవారి పేరు అడిగింది.

"ఎవురి పేరు కొట్టేది వదినా?"

పాత కంప్యూటర్‌లో ఉన్నది మీ పేరే. మామయ్య ఎదురుగానే ఉన్నారు. పెళ్లయినప్పటి నుంచి మీ పేరు నేను పైకి అనలేదు.

"గోవిందరాజులు" అన్నాను.

మీ ప్రోగ్రాం నడిచింది. నా నోట మీ పేరు అందరూ విన్నారు, మీరు తప్ప.