వాడని వాపసు

మా ఇంటి ఇంజనీరమ్మకు,

ఇక్కడ నేనూ, మన కందిరీగా, కింది వాటాలో అక్కయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ వంతెన పని దగ్గర నువ్వు కూడా కులాసాగా ఉన్నావనీ, వేళకి తిని వేళకి పడుకుంటున్నావనీ తలుస్తాను. ఒంట్లో అని ప్రత్యేకంగా ఎందుకు రాశానా అని నీకు అనుమానం వస్తుంది. రానీ. ఆ సంగతికి వస్తాను గానీ, తిన్నగా రాలేను.

ఈ ఉత్తరం దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో మొదలుపెట్టి చూశాను, కుదరలేదు. రెండు వాక్యాలు రాయడం, లేవడం, వంటింట్లోకి వెళ్ళి ఎందుకు వచ్చానో మర్చిపోయి తిరిగి రావడం. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచాను. కింద నుంచి అక్కయ్య, పైన ఏమిట్రా ఆ నడక, నా నెత్తి మీద నడుస్తున్నట్టుంది అని కేకేసింది. ఇక్కడైతే కనీసం బేరం వచ్చినప్పుడే లేస్తాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. స్నానాలగది కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు, తిప్పితే కూస్తోంది. అక్కయ్యకు మోకాలు నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. మీ ఆవిడ ఎప్పుడొస్తుందని మెట్ల దగ్గర కాపు కాసి మరీ అడుగుతోంది. దుమ్ము పడని కళ్ళద్దాలు కావాలన్నావు కదా, పక్కలు కూడా మూసి ఉండే ఫ్రేముకి నీ నంబరు లెన్సులు బిగించి పార్సిల్ చేశాను. ముక్కు మీద నొక్కుకుంటే ఆ రబ్బర్లని వేలితో కాస్త ఎడం చెయ్యి, విరగవు. నీ కూతురు కందిరీగ స్కూలుకి వెళ్తోంది, తింటోంది. జుట్టు భుజాల దాకా కత్తిరించేసుకుంది. నన్నడగలేదు.

ఇక ఆట సంగతి. కిందటి ఉత్తరంలో నువ్వు రెండు ప్రశ్నలు వేశావు. "ఝ" ముక్కతో "ఝంకారం" అని కట్టడం దానికి ఎవరు నేర్పారన్నది ఒకటి. మూలనున్న ఎర్రగడికి దారి అలా బార్లా తెరిచి ఎందుకు వదిలేసింది, తన ముక్కలన్నీ వృథా చేసుకుంటుంది గానీ నాకు ఎర్రగడి వదిలే పిల్ల కాదే అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకటే. కాస్త ఆగు, ఎవరో వచ్చారు.

వెళ్ళాడు. పెద్దాయన, కొత్త కళ్ళద్దాలు కావాలని వచ్చాడు. అక్షరాల బోర్డు చదివిస్తే కింది వరుస కనబడక ఊహించి చెప్పేస్తున్నాడు. "కనబడకపోతే కనబడలేదని చెప్పండి, అందులో తప్పేం లేదు" అని ఆయనకి బుద్ధి చెప్పాను. చెప్పాక నా చెవులు వేడెక్కాయి.

ఆ ఆట మన ఇంట్లో ఎలా సాగేదో తలుచుకుంటే ఇప్పుడు నాకు అసూయగా ఉంటోంది. సాయంత్రం గిన్నెలు సర్దగానే మీ తల్లీకూతుళ్ళు బల్ల మీద పలక పరిచేవాళ్ళు. చెక్కముక్కలు నేను కోసి నున్నగా రుద్దినవి, వాటి మీద అక్షరాలు నువ్వు రంగుతో రాసినవి. సంచిలో చెయ్యి పెట్టి ఏడేసి ముక్కలు తీసుకోవడం, పలక మీద ఉన్న మాటకి తగిలేలా ఇంకో మాట కట్టడం. గుణింతాలూ ఒత్తులూ ఎవరికి కావలసినట్టు వాళ్ళు తగిలించుకోవచ్చు. మాట ఎర్రగడిని తాకితే పాయింట్లు మూడింతలు. ఇక చూడాలి మీ పోరు. అలాంటి మాట లేదని నువ్వూ, ఉందని అదీ. కింది వాటా దాకా వినిపించేది. ఇద్దరిదీ ఒకటే అచ్చు, పక్కవాళ్ళకి ఒక్క మంచి గడి మిగలనివ్వరు. నా పని టీ పెట్టడం, పాయింట్లు కూడడం. రోజంతా జనం చేత అక్షరాలు చదివించి వచ్చినవాణ్ణి, ఇంట్లో కూడా అక్షరాలేమిటని దూరంగా ఉండేవాణ్ణి.

వాపసు పద్ధతి పెట్టింది కూడా నువ్వే. చిన్నప్పుడు అది తొందరపడి ముక్కలు పెట్టేసి, తర్వాత చూసుకుని ఏడ్చేది. దాని కోసం పెట్టావు. ముక్క మీంచి చెయ్యి తీస్తే పెట్టినట్టే గానీ, ఆటకి ఒక్కసారి, అవతలివాళ్ళు ఆడేలోగా "వాపసు" అని వెనక్కి తీసుకోవచ్చు. అది ప్రతి ఆటలోనూ వాడుకునేది. నువ్వు మాత్రం ఏ ఆటలోనూ వాడుకోగా నేను చూడలేదు. పెట్టింది పెట్టినట్టే అని గడ్డం పైకెత్తేదానివి.

సరే, రాసేస్తున్నాను. ఉత్తరాల్లో నీకు అందుతున్న ఎత్తులు దానివి కావు. నావి. మొదటి నుంచీ నావే.

నువ్వు బయల్దేరిన రోజున ఆట సగంలో ఉంది. మిగతాది ఉత్తరాల్లో ఆడుకుందాం అన్నావు, అది తలూపింది. నువ్వు వెళ్ళగానే తన ముక్కలు బోర్లించి, పలక మీద గుడ్డ కప్పి, రాసుకునే ఆట నాకొద్దు అని గదిలోకి పోయింది. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఇక్కడ సాయంత్రాలు గడవడం లేదు, దాని ఎత్తు కోసం కాచుకుని కూర్చున్నానని రాశావు. దానికి ఇస్తే చదివి బల్ల మీద పెట్టేసింది. నీకు నేనేమని రాయను? ఈ ఒక్కసారికే అనుకుని, దాని ముక్కలు తిప్పి ఒక మాట కట్టి, అది ఆడిందని రాసి పంపేశాను. మీ క్యాంపు ఫోను కలిసినప్పుడు అది "ఊ", "ఆ" అనడమే తప్ప మాట్లాడకపోతే, లైను బాగాలేదని నువ్వు అనుకున్నావు. లైను బాగానే ఉంది. ఆట ఊసు వస్తుందనిపించగానే ఫోను లాక్కున్నది నేనే.

ఇందులో ఇంకో సిగ్గుమాలిన సంగతి ఉంది. నాకు ఆట నచ్చేసింది. ఇన్నేళ్ళూ టీ కప్పులు మోస్తూ ఏం పోగొట్టుకున్నానో ఇప్పుడు తెలిసింది. చేతిలో పనికిరావనుకున్న ముక్కలు అటూ ఇటూ జరుపుతుంటే ఒక్కసారిగా మాట కుదురుతుంది చూడు, ఆ క్షణం ఎంత బాగుంటుందో నీకు నేను చెప్పాలా? "ఝ" వచ్చినప్పుడైతే అన్నం తింటున్నా అదే ధ్యాస. ఒకావిడ చెవి వెనక ఫ్రేము సరిచేస్తూ ఉండగా "ఝంకారం" అని పైకే అనేశాను. ఆవిడ కంగారుపడి, స్క్రూ ఊడిందా అని అడిగింది. మాట ఎవరు నేర్పారని నువ్వు మెచ్చుకుంటూ రాస్తే, ఆ పొగడ్త నాదని చెప్పుకోలేక ఎంత గిలగిల్లాడానో.

ఎర్రగడి సంగతి కూడా అంతే. నాకు దారులు మూసే ఆట రాదు. పైగా నువ్వొక మంచి మాట కట్టి బోలెడు పాయింట్లు కొడితే, అక్కడ రేకుల గదిలో ఆ పూట నువ్వు కాస్త సంతోషంగా ఉంటావనిపించింది. అందుకే వదిలాను. అది నీ కూతురు చేసిన పని కాదు, నీ మొగుడు చేసిన పని.

కానీ ఆ ఉత్తరం చివర నువ్వు రాసింది చూశాక నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంత కుదురుగా ఆడుతోందంటే దాని మనసు కుదుటపడినట్టే, ఇంకో ఏడాది ఉండమని ఇక్కడివాళ్ళు అడుగుతున్నారు, సరేనన్నాను, నెలాఖరుకి సంతకం అని రాశావు. నేను కట్టిన మాటలు చూసుకుని నువ్వు దాని మనసు అంచనా వేశావు. ఇక దాచడానికి లేదని అప్పుడే తెలిసింది. అయినా కలం పట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. పట్టుబడేదాకా ఆగాను.

ఆదివారం మధ్యాహ్నం. అది స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది కదా అని పలక మీద గుడ్డ తీశాను. నీ ఎత్తు పెట్టి, దాని తరఫున "నెమలి" అని కట్టి, బాగుందా లేదా అని తల పక్కకి వాల్చి చూసుకుంటున్నాను. వెనక అలికిడైంది. అది ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. దగ్గరికి వచ్చి పలకంతా చూసింది. తను ఆపేసిన చోటు దానికి బాగా గుర్తుంది, అక్కడి నుంచి ఒక్కో మాటా వేలితో తడుముతూ వెళ్ళింది.

"ఇవన్నీ నా పేరుతో పంపావా?"

అవునన్నాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"అమ్మ నమ్మిందా?"

దానికి కావలసిన జవాబు ఏదో నాకు అర్థం కాలేదు. నమ్మిందనే చెప్పాను. అంతే, దాని మొహం చూడలేకపోయాను. తన స్థానంలో ఎవరు కూర్చుని ఆడినా వాళ్ళమ్మకి తేడా తెలియలేదని దాని బాధ. నేను ఎన్నడూ అలా ఆలోచించలేదు. ఆట మానేసిందంటే దానికి ఆట మీద మనసు లేదనుకున్నాను గానీ, తను లేని లోటు నువ్వు కనిపెడతావా లేదా అని అది ఇన్నాళ్ళూ కాచుకుని ఉందని నాకు తట్టనే లేదు.

గబగబా వెళ్ళి నీ ఉత్తరం తెచ్చి, ఎర్రగడి గురించి నువ్వు రాసిన చోట వేలు పెట్టి చూపించాను. ఆ మొదటి ఉత్తరం తర్వాత నీ ఉత్తరాలు అది ముట్టుకోవడం కూడా మానేసింది. నిలబడే చదివింది. కుర్చీ లాక్కుని మళ్ళీ చదివింది. "నాకు ఎర్రగడి వదిలే పిల్ల కాదే" అన్నది మాత్రం పైకి చదివింది, సరిగ్గా నీ గొంతుతో. నువ్వు వెళ్ళాక అది నీ ప్రస్తావన తేవడం ఆ రోజే మొదలు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

తర్వాత అది తన ముక్కలు చూసుకుంది. "ఠ" చేతిలో పెట్టుకుని ఎర్రగడి ఖాళీగా ఉంచావా అని నన్ను ఒక చూపు చూసింది. ఆ "ఠ" ఏం చెయ్యాలో తెలియక నేను మూలకి నెట్టేసిన మాట నిజం.

"చెయ్యి తీసేశావు కాబట్టి పెట్టినట్టే. కానీ ఆట నాది, వాపసు కూడా నాది."

నా నెమలిని ఒక్కో ముక్కా తీసేసింది. నాకు ఒక్క క్షణం ప్రాణం చివుక్కుమంది, బాగా కుదిరిందనుకున్నాను మరి. దాని చోట పలక చివరి దాకా "బఠాణీ" అని కట్టింది. ఆఖరి ముక్క ఎర్రగడి మీద పడింది. నువ్వు ఇన్నాళ్ళూ కన్నేసి ఉంచిన గడి పోయింది, మూడింతల పాయింట్లూ పోయాయి. కూడి పంపమంది, ఈ ఉత్తరం వెనక లెక్క వేశాను. తప్పుంటే నాదే.

టీ పెట్టనా అని అడిగాను. పెట్టమంది. తాగుతూ, అమ్మ ఈ ఆటలో వాపసు వాడిందా అని అడిగింది. లేదన్నాను. ఎప్పుడూ వాడదు కదా అని కప్పు తీసుకుని గదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

అదీ సంగతి. దానికి నీ మీద బెంగ తగ్గలేదు. నాకూ తగ్గలేదు. నీ పని చిన్నదని నేను అనను. ఆ వంతెన మీద నీ సంతకం లేకుండా ఒక్క దిమ్మె లేవదని నాకు తెలుసు, నలుగురికీ చెప్పుకుని మురిసిపోతాను కూడా. అన్నీ తెలిసి ఉండాలనిపిస్తే ఉండు, నేను మారు మాట్లాడను. మేమిద్దరం బాగున్నామనుకుని మాత్రం ఉండకు. అది నేను కట్టి పంపిన అబద్ధం. ఈ ఉత్తరంతో దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు సరేనన్నావు గానీ, సంతకం ఇంకా కాలేదు. మన ఇంటి లెక్కలో నీ వాపసు ఇంకా మిగిలే ఉంది. వాడుకుంటే ఓడిపోయినట్టు కాదని చిన్నప్పుడు దానికి చెప్పింది నువ్వే. నాకు నువ్వు కావాలి, రా.

అడుగున కొంచెం చోటు వదలమని చెప్పింది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి ఇస్తాను. ఏం రాస్తుందో నేను చూడను, చూసినా నీకు చెప్పను.

ఇట్లు
నీ ఇంటాయన,
ఎర్రగడి వదిలినవాడు

అమ్మా,
బఠాణీ నాది. ఝంకారం నాది కాదు, అయినా బాగుంది, నాన్నకి చెప్పకు. ఇప్పుడు నీ వంతు. రాసి పంపితే తీసుకోను, వచ్చి ఆడు. పలక మీద గుడ్డ తీసేశాను.

ఇట్లు
ఈసారి నిజంగా
నీ కూతురు