అవకాశాలన్నీ నీకే

శ్రీకాకుళం,
12 ఫిబ్రవరి 2023

ప్రియమైన భవానీ,

నీ కథకి బహుమతి వచ్చిందని మన గ్రూపులో చాటింపు వేసింది నేనే. సృజనాత్మక రచన ఎం.ఏ. చదివి బయటపడ్డ ఎనభై మందికీ నెలనెలా ‘విజయాలు – అవకాశాలు’ బులెటిన్ తయారుచేసి పంపే పని నా నెత్తిన ఉంది కదా. ఎవరి పుస్తకం వచ్చింది, ఎవరికి సన్మానం, ఎక్కడ ఏ పోటీ ఉంది, అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. నువ్వు శాలువా కప్పుకున్న ఫొటో అందరికంటే పైన పెట్టి, కింద అభినందనలు అని కొట్టి, ఫోను పక్కన పడేశాను. ఆ తర్వాత రెండు నెలలు నీకు ఉత్తరం రాయలేదు. జగన్నాధం మాస్టారు క్లాసులో మనిద్దరినీ జతకట్టి, నెలకో ఉత్తరం చేత్తోనే రాసుకోవాలని పెట్టిన నియమాన్ని ఏడేళ్ళలో తప్పడం ఇదే మొదటిసారి.

ఎందుకు తప్పానో నీకు తెలుసు. మా అమ్మ ఇరవై ఏళ్ళు మా ఊరి ఆడపిల్లల హాస్టల్లో వండి పెట్టింది. పిల్లల గుడ్లు ఎత్తుకుపోతోందని వార్డెన్ నింద వేసి బయటికి గెంటింది. ఆ సంగతి నేను ఈ ఉత్తరాల్లోనే ఏడుస్తూ రాసుకున్నాను. నువ్వేమో మా అమ్మ ఏసమ్మని గంగమ్మ చేసి, కథ చివర ఆవిడ నిజంగానే గుడ్లు కొంగున కట్టుకుని వెనక గుమ్మంలోంచి పోయినట్టు రాశావు. పేరు మార్చిన దానివి ఊరు మార్చలేకపోయావా? రేకుల వంటిల్లు, వెనక నుయ్యి, భావనపాడు పోయే బస్సు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే దించావు. ఆదివారం ముగ్గురు నీ కథ పడ్డ పత్రిక పట్టుకునే చర్చికొచ్చారు. మెట్ల మీద నిలబడి, మా అమ్మ కడిగిన ముత్యమని ప్రతి ఒక్కరితో దెబ్బలాడాను. ఆ వారం నుంచీ అమ్మ చర్చికి రావడం మానేసింది.

సరే, అయిందేదో అయింది. కోపం ఎన్నాళ్ళని మోస్తాను. నువ్వు పైకి రావాలి. నా చేతిలో ఉన్నంతవరకూ నిన్ను పైకి తోస్తాను.

నీ జత,
షాలిని

*

విజయనగరం,
26 ఫిబ్రవరి 2023

ఒసే షాలినీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తిట్టిపోస్తావనుకున్నాను, సగంలోనే ఆపేశావు. ఊరు మార్చకపోవడం తప్పే, ఒప్పుకుంటున్నాను. మారిస్తే కథ నిలబడలేదే. మూడుసార్లు మార్చి చూశాను, మూడుసార్లూ చచ్చుబడిపోయింది. ఆ ముగింపు ఎందుకలా రాశానని మాత్రం నన్నడగొద్దు.

ఒకటి మాత్రం వేరేవాళ్ళ నోట వినేముందు నేనే చెప్పాలి. హైదరాబాదులో ఒక ట్రస్టువాళ్ళు ఆ కథని నవల చెయ్యమన్నారు. అచ్చు వాళ్ళదే. వచ్చే ఏడాది జూన్ ముప్పయ్యోతేదీకి పూర్తిగా ఇవ్వాలి, ఒక్కరోజు దాటినా వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నేను ఒప్పుకున్నాను. ఈ బడిలో పాఠాలు చెప్పుకుంటూ ముసలిదాన్నవుతానేమోనని భయంగా ఉంటుంది షాలినీ, ఇంకోసారి ఎవరూ పిలవరు. మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు. చెప్పకపోయినా అర్థం చేసుకుంటాను.

దుర్గాభవాని

*

శ్రీకాకుళం,
9 మార్చి 2023

ప్రియాతిప్రియమైన భవానీ,

నవలా! ఎంత మంచి కబురు చెప్పావు. మా అమ్మ గుడ్లు ఎత్తుకుపోవడం ఇన్నాళ్ళూ పది పేజీల్లోనే ఉంది, ఇక మూడు వందల పేజీలవుతుందన్నమాట. గ్రంథాలయాల్లో కూడా ఉంటుంది. సంతోషం.

అలాంటి రచయిత్రిని ఊరికే ఉంచకూడదు కదా. ఈ నెల ‘అవకాశాలు’లో వచ్చినవన్నీ నీ పేరు మీదే పెట్టాను. జిల్లా కథల పోటీకి న్యాయనిర్ణేత కావాలన్నారు, నీ చిరునామా ఇచ్చేశాను. భోగాపురం దారిలో ఒక స్కూల్లో పిల్లలకి కవిత్వం కార్యశాల ఉంది, ఆరు శనివారాలు. పదవీ విరమణ చేసిన తాసీల్దారు గంగులు గారు శతకం రాశారు, ముందుమాట కావాలట. మంచి మనిషి, కాకపోతే ఫోను పెట్టెయ్యడు. ఒక్కటీ కాదనకు. మొదట్లో కాదంటే, రెండోసారి పిలవరని నువ్వే అన్నావు కదా.

ఎప్పటికీ నీ మేలు కోరే,
షాలిని

*

విజయనగరం,
19 నవంబర్ 2023

షాలినీ,

ఆలస్యానికి క్షమించు. నీకు రాయడానికి కూడా బాత్రూములో కూర్చోవలసి వస్తోంది.

కథల పోటీకి నాలుగు వందల పన్నెండు కథలొచ్చాయి. ఎరువుల బస్తాల్లో వేసి ఆటోలో దింపి పోయారు. వరండా నిండిపోయి, మా అత్తగారు దేముడమ్మ గారు చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి వస్తున్నారు. తాసీల్దారు గారి శతకానికి ముందుమాట రాశాను. ఆయన అది నలుగురికి చూపించారు, ఆ నలుగురూ పుస్తకాలు రాసినవాళ్ళే. ఇప్పుడు నా బల్ల మీద తొమ్మిది పుస్తకాలు ముందుమాటల కోసం ఎదురుచూస్తున్నాయి. నిన్న ఒక సభలో నా పేరు ముందు ప్రముఖ అని వేశారు. ఆ మాట చూసి పొంగిపోయానని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ పొంగిపోయాను.

మోహనకృష్ణకి విసుగొచ్చింది. మా ఆయన సంగతి తెలుసు కదా, అరవడు. నిన్న శాలువాలన్నీ మడత పెట్టి బీరువాలో కుక్కుతూ, “పెళ్ళి మేళానికైనా ఆషాఢంలో తీరిక ఉంటాది, నీకు అదీ లేదే,” అన్నాడు. నవల పద్నాలుగు పేజీల దగ్గర ఆగింది. సంక్రాంతి సెలవుల్లో కూర్చుంటాను.

భవాని

*

శ్రీకాకుళం,
2 డిసెంబర్ 2023

ప్రముఖ భవానీ,

సంక్రాంతి సెలవుల్లో నువ్వు ఖాళీగా ఉంటావని నాకు తట్టలేదు సుమా. పార్వతీపురంలో మూడు రోజుల సాహిత్య సదస్సు ఉంది, నువ్వు అధ్యక్షురాలివని ఆహ్వానపత్రం అచ్చయిపోయింది. ఫిబ్రవరిలో నేను పనిచేసే కాలేజీ స్వర్ణోత్సవ సంచిక ఉంది. సంపాదకురాలిగా నీ పేరు నేనే చెప్పాను, ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టాడు. వేసవిలో ఏం చెయ్యాలో కూడా చూసి పెట్టాను.

నీలాంటి జత ఉండడం నా అదృష్టం. అమ్మ బాగానే ఉంది. ఆదివారాలు తలుపు వేసుకుని ఇంట్లోనే పాటలు పాడుకుంటోంది.

షాలిని

*

విజయనగరం,
4 జూలై 2024

షాలినీ,

జూన్ ముప్పై దాటిపోయింది. ఇరవై రెండు పేజీలు రాశాను. ట్రస్టువాళ్ళకి ఫోను చేసి ఇంకో మూడు నెలలడిగాను. “మీరు చాలా బిజీగా ఉంటారని విన్నాం మేడమ్,” అని మర్యాదగా అన్నారు. నా స్థానంలో గుంటూరు కుర్రవాడెవరినో తీసుకున్నారట.

బీరువా తెరిస్తే శాలువాలు మీద పడుతున్నాయి. ఆ ఇరవై రెండు పేజీలు తీసి చదివితే, ఇవి కూడా ఏదో పుస్తకానికి ముందుమాటలాగే ఉన్నాయి. ఈ నెల బులెటిన్లో నా పేరు ఎక్కడా పెట్టకు.

భవాని

*

శ్రీకాకుళం,
20 అక్టోబర్ 2024

భవానీ,

ఇక ప్రియమైన అని రాయక్కర్లేదు. ఏడాదిన్నర రాశాను, ప్రతిసారీ చెయ్యి మండింది.

వాళ్ళందరినీ నీ మీదికి తోలింది నేనే. బులెటిన్లో వచ్చినవి మాత్రమే అనుకుంటున్నావేమో. పోటీవాళ్ళ చేత గడువు రెండుసార్లు పెంచించాను, బస్తాలు నిండాలని. తాసీల్దారుకి నీ నంబరిచ్చి, మేడమ్ కాస్త మొహమాటస్తురాలు, పది సార్లు అడిగితే గానీ ఒప్పుకోదని చెప్పాను. పార్వతీపురం వాళ్ళకి తేదీలు నేనే ఎంచి ఇచ్చాను. నువ్వొక్కసారి కాదని ఉంటే నా ఆట కట్టేది. శాలువా అంటే నువ్వు కాదనలేవని రెండేళ్ళు పక్కన కూర్చుని చూశాను కదా. మా అమ్మని దొంగని చేసిన పుస్తకం నేను బతికుండగా రానివ్వనని నీ నవల కబురు చదివిన రోజే అనుకున్నాను. రానివ్వలేదు.

ఇంకా ఉంది, విను. నువ్వు ఊళ్ళు తిరుగుతుంటే నేను ఇంట్లో కూర్చుని రాసుకున్నాను. రెండు వందల నలభై పేజీలు, మా అమ్మ కథ, అసలు కథ. వార్డెన్ ఎలా ఇరికించిందో, అమ్మ ఒక్క గుడ్డు ముట్టకుండా ఇరవై ఏళ్ళు ఎలా వండిందో అంతా ఉంది. జనవరిలో వస్తుంది. అచ్చు ప్రతి దీనితో పెట్టాను.

దీనికి ముందుమాట నువ్వు రాయాలి. నాలుగు పేజీలు. ఈ కథ నా జత ఉత్తరాల్లోంచి ఎత్తుకున్నాను, ఏసమ్మ దొంగ అన్నది నా కల్పన అని మొదటి పేజీలోనే ఉండాలి. ఊళ్ళో తాసీల్దారు శతకానికి రాసినదానివి, దీనికి రాయలేవా? నెలాఖరులోగా రాకపోతే, నేను నీకు రాసిన పాత ఉత్తరాల నకళ్ళు నా దగ్గరున్నాయి, అవీ నీ కథా పక్కపక్కన పెట్టి నవంబర్ బులెటిన్లో ఎనభై మందికీ పంపుతాను. మాస్టారికి కూడా.

షాలిని

*

విజయనగరం,
29 అక్టోబర్ 2024

ఒసే షాలినీ,

మంచి దెబ్బే కొట్టావు. ఒక రోజంతా అన్నం తినలేదు. కానీ నన్ను చూసి జాలిపడకు. నువ్వు తోశావు, నేను పరిగెత్తాను. పిలిచిన ప్రతిచోటికీ ఇష్టపడే పోయాను.

నీ పుస్తకం ఒక్క ఊపున చదివాను. బాగా రాశావు, నాకంటే బాగా. ఇప్పుడు, ఆ ముగింపు ఎందుకలా రాశానో చెబుతాను. చెప్పనని మీ అమ్మకి మాటిచ్చాను. ఇన్నాళ్ళూ నీ తిట్లు తిని కూడా నిలబెట్టుకున్నాను. ఇవాళ తప్పుతున్నాను, నన్ను ఇంతదాకా తెచ్చింది నువ్వే.

మూడేళ్ళ కిందట మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు చేపలకని సంతకి వెళ్ళావు. మీ అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ, నేను అడక్కుండానే చెప్పింది. “నానే తీసినాను తల్లీ. రోజుకి రెండు. గుంటకి ఇంటరు పరీచ్చలు, కళ్ళు తిరిగి పడిపోతన్నాది, ఏటి సెయ్యను? పాస్టరు గారికి సెప్పుకుందామంటే ఆ వార్డెనమ్మ ఆయన సెల్లెలు. నువ్వు కతలు రాస్తావంట కదా, పేరు మార్చి ఎక్కడో రాసీ. నా గుంటకి మాత్రం సెప్పొద్దు,” అంది. అలాగే రాశాను. ఊరు మార్చలేదు, అదొక్కటే నా తప్పు. అది చాలా పెద్ద తప్పు.

ఆవిడ నా కథకి సిగ్గుపడి చర్చి మానేసిందనుకున్నావు. నువ్వు మెట్ల మీద నిలబడి మా అమ్మ కడిగిన ముత్యమని గొంతు చించుకుంటుంటే, ఆవిడ ఆ మెట్లెలా ఎక్కుతుందే?

ఇక నీ ఐదో అధ్యాయం. పరీక్షల రోజుల్లో నీ టిఫిను డబ్బాలో ఉడికించిన గుడ్లు రెండు ఉండేవని రాశావు. పెరట్లో కోళ్ళుండేవని కూడా రాశావు. నాలుగు కోళ్ళకి నాలుగు పేర్లు పెట్టావు. మీకు పెరడెక్కడిదే? నువ్వు పుట్టినప్పట్నుంచీ మీ అమ్మ ఉంటున్నది గోడకి గోడ ఆనుకున్న ఆ అద్దె ఇల్లే, నేను ఆ ఇంట్లో భోంచేశాను. పుస్తకమంతా ఉన్నది ఉన్నట్టు రాసినదానివి, అక్కడొక్కచోట కోళ్ళని ఎందుకు పెంచావు? ఏమీ తెలియని మనిషి ఆ గుడ్లకి లెక్క చెప్పదు. నీకు అప్పుడే కొంచెం తెలుసు.

నాలుగు పేజీలడిగావు, ఒకటిన్నరే వచ్చింది. నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను, కథ నీ ఉత్తరాల్లోంచి ఎత్తుకున్నానని, ఊరు మార్చకుండా ఒక మనిషి బతుకు బజారున పెట్టానని. ఆ తర్వాత ఏసమ్మ గారు నాతో అన్న మాటలు ఆవిడ అన్నట్టే రాశాను. కోళ్ళ గురించి కూడా రాశాను. బులెటిన్లో ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం.

ముందుమాట దీనితో పెడుతున్నాను. అచ్చుకి పంపేముందు మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. ఆవిడ తీసెయ్యమంటే తీసెయ్. నీకు తీసెయ్యాలనిపిస్తే మాత్రం తియ్యకు.

దుర్గాభవాని