మూడో సిలిండర్

జూన్ 4
ఇంట్లో ఎవరితో చెప్పినా కుళ్లు అంటారు. అందుకే రాస్తున్నాను.

ఐస్ ఫ్యాక్టరీ ఇంజిన్‌లో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ పడిపోయింది. తక్కిన మూడూ మండిపోతున్నాయి, అదొక్కటే చల్లగా ఉంది. ఆ ఇంజిన్ రూమ్‌కి రిటైరయ్యేదాకా ఇన్‌చార్జిని నేను. ఇప్పుడు నా మనవరాలు. పిల్ల ఎవర్ని అడగాలి? వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసింది! ఆవిడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిందట. ఇంజెక్టర్ డీజిల్ సరిగ్గా కొట్టడం లేదు, మార్చెయ్యి బంగారం అందట.

సెన్సర్ తప్పు చూపిస్తోందని నేనన్నాను. అలాగే నాయనమ్మా అంది, ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే.

జూన్ 5
వియ్యపురాలు పెట్టెతో సహా దిగింది. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని డాక్టరమ్మలా వింది. మనవరాలు పడీపడీ నవ్వి ఆవిడ భుజం మీద తల వాల్చింది. నా భుజానికి ముళ్లున్నాయా?

నా మాట పోనివ్వడం ఎందుకని పిల్లే వైరు వెంబడి వెళ్లి, పక్కదాని సెన్సర్ తెచ్చి మూడోదానికి పెట్టి చూసింది. మూడోది అలాగే చల్లగా ఉంది. సెన్సర్ మంచిదే. వదినగారూ, మీరన్నదీ చూడాల్సిందే లెండి అంది వియ్యపురాలు. ఎగతాళి చేసినా బాగుండేది.

జూన్ 6
కొత్త ఇంజెక్టర్ వేశారు. టెంపరేచర్ కదల్లేదు. ఇవాళ భోజనం ఎంత రుచిగా ఉందో.

జూన్ 7
ఇక వాల్వులే అనుకుని, రేపు పొద్దున ఇంజిన్ విప్పుతున్నారు. ఫ్యాక్టరీ ఆగుతుంది. ఆగిన తర్వాత తప్పు దొరక్కపోతే ఇంకొకర్ని చూసుకుంటానని యజమాని పిల్ల మొహం మీదే అన్నాడు.

సాయంత్రం వెళ్లి చూశాను. కొత్త ఇంజెక్టర్ ఎక్కడ వేశావని మెకానిక్‌ని అడిగాను. మూడోదానికే అమ్మగారూ, మీరు నేర్పినట్టే ఫ్లైవీల్ వైపు నుంచి లెక్కపెట్టా అన్నాడు, మెచ్చుకుంటానని చూస్తూ. అది వేసే టైమ్‌లో అమ్మమ్మా మనవరాలూ క్యాంటీన్‌లో కబుర్లాడుతున్నారట.

టెంపరేచర్లు చూపించడానికి పిల్ల పెట్టించిన కొత్త ప్యానెల్‌లో లెక్క అవతలి కొస నుంచి మొదలవుతుంది. దాని మూడోది మనకి రెండోది. బాగున్న సిలిండర్‌కి కొత్త ఇంజెక్టర్ వేసి, చెడ్డదాన్ని అలాగే వదిలేశారు.

అంటే ఆవిడ చెప్పిందే నిజం కావచ్చు.

మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంటికొచ్చాక కూడా వాళ్లిద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. పిల్ల ఏడుస్తోంది. కళ్లు తుడుస్తున్నది ఆవిడ.

జూన్ 8, తెల్లవారుజాము
చెయ్యవలసినవి:
1. ఇంజిన్ మీద స్పానర్ పడకముందే పిల్లని లేపి చెప్పాలి.
2. ఏ సిలిండరో మెకానిక్‌కి నంబరుతో కాదు, చేత్తో తట్టి చూపించాలి.
3. టెంపరేచర్ పెరిగితే వదినగారితో మీరే కరెక్ట్ అనాలి. పిల్ల వినేలా.
4. నవ్వుతూ అనాలి.
5. వదినగారిని స్టేషన్‌లో నేనే దింపాలి. పిల్ల రానక్కర్లేదు.