వేరు చూడకుండానే

గురువారం రాత్రి, జెద్దా

ట్రే పారేయలేదు. పారేయను.

వేరు మీద క్రిములను తరిమే ప్రోటీన్ ఒకటి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించి మేలుచేసే బాక్టీరియాను రానిచ్చే ప్రోటీన్ ఒకటి. రెండూ అన్నదమ్ముల్లా ఒకే పోలిక. రెండోది లేని మొక్కల్లో మా ల్యాబ్ సైంటిస్ట్ సుధాకర్ సార్ మొదటిదాన్నే కాస్త మార్చి, అదీ బాక్టీరియాకు తలుపు తీస్తుందేమో చూస్తున్నారు. ఈరోజు గ్రీన్‌హౌస్‌లో ఆ మొక్కల ట్రే చూసి, ఆకులు పసుపుగా ఉన్నాయని మొహం చిట్లించారు.

"ఫెయిలైంది మస్తాన్. ట్రే పారేసి రిజిస్టర్‌లో రాసెయ్."

"వేరు ఒక్కటి చూద్దాం సార్."

"నీళ్లు పోసే పని నీది. చూసే పని నాది."

అలాగా! అనంతపురంలో మా అమ్మ వేరుశనగ మొక్క పీకి, వేరు బుడిపెను గోటితో చిదిమి, లోపల ఎర్రగా ఉంటేనే పంటను నమ్మేది. ఆయన వెళ్లాక నేనూ ఒక మొక్క పీకాను. ఆవగింజంత బుడిపెలు! బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు. బాక్టీరియా వచ్చి పని మొదలుపెట్టింది. ఆ కబురు ఆకులకు ఇంకా అందలేదు, అంతే.

ఈ నెల నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే పర్మిట్, రెన్యూవల్‌కి ఆయన సంతకం కావాలి. పెట్టనంటే...

అయినా రిజిస్టర్‌లో 'పారేసిన తేదీ' గడిలో 'పారేయలేదు, వేళ్లు చూడండి' అని రాశాను. కింద నా సంతకం పెట్టాను.