మట్టిబుర్రకి నోరు

ఫిబ్రవరి 9

మట్టిబుర్ర మళ్ళీ వస్తున్నాడు! ఇన్నేళ్ళ తరువాత, కొత్త ఎపిసోడ్లతో. కళ్ళజోళ్ళ షాపులో లెన్సు అంచు అరగదీస్తూ ఫ్యాన్స్ గ్రూపులో మెసేజ్ చూసి కేక పెట్టాను. లెన్సు పగిలిందనుకుని ఓనరు పరిగెత్తుకొచ్చాడు. బొమ్మల సీరియల్ అని చెబితే నన్ను ఎగాదిగా చూసి, జుట్టుకి రంగేసుకునే వయసొచ్చింది, ఇంకా బొమ్మలేంటమ్మా అన్నాడు.

ఆయనకేం తెలుసు. మట్టితో చేసిన మనిషి, వాడి మేక. ఇద్దరికీ నోళ్ళు లేవు. సీరియల్ మొత్తానికీ సంగీతమే తప్ప ఒక్క మాట లేదు. అందుకని మాటలు నేనూ తమ్ముడూ పెట్టేవాళ్ళం. మట్టిబుర్రకి వాడు, మేకకి నేను. పెద్దదాన్ని నేనుండగా హీరో వాడెలా అవుతాడని అమ్మ దగ్గర పంచాయితీ పెట్టాను. నీ గొంతు మేకకే సరిపోతుందిలేవే అని తీర్పిచ్చింది అమ్మ.

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. ఎత్తగానే మట్టిబుర్ర గొంతుతో, ఏమే మేకా, గడ్డి తిన్నావా అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. జలుబట. ఇన్నాళ్ళ జలుబేమిటో.

ఫిబ్రవరి 27

జలుబు కాదు.

మార్చి 2, ఉదయం 11

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. స్వరపేటికలో కేన్సర్. మొత్తం తీసెయ్యాలట. మెడకి రంధ్రం పెడతారు, ఊపిరి ఇకమీదట అక్కణ్ణుంచే. తీసేస్తే మనిషి దక్కుతాడు, గొంతు దక్కదు. ఏదో మిషన్ ఉందట, దాంతో మాట్లాడటం నేర్చుకోవచ్చట, కానీ అది వాడి గొంతు కాదు. తియ్యకపోతే పాకుతుంది. ఈ నెల దాటనివ్వొద్దని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వాడు బస్ స్టేషన్లో అనౌన్సరు. ఊళ్ళో వాడి మొహం ఎవరికీ తెలీదు, గొంతు అందరికీ తెలుసు. కూరలు కొంటూ నోరు విప్పితే చాలు, మీరు బస్టాండు కదూ అంటారు. దానికి వాడు మురిసిపోవడం చూడాలి.

మరదలు ఏడుస్తోంది. నేను గోడ చూస్తూ కూర్చున్నాను. ముందు తేరుకున్నది వాడే. మట్టిబుర్రకి నోరుందా, ఏం తక్కువైంది వాడికి, కొండలెక్కాడు, ఓడ నడిపాడు, మేకని సాకాడు, తీసెయ్యండి మేడమ్ అన్నాడు. డాక్టరమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మరదలికీ కాలేదు. నాకయింది. లేచి ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయాను.

ఆపరేషన్ ఇరవైన.

మార్చి 11

ట్రైలర్ వచ్చింది. మట్టిబుర్రకి నోరు పెట్టారు.

మార్చి 12

నిన్న ఒళ్ళు మండిపోయి ఇంకేం రాయలేకపోయాను. నున్నగా ఉండే ఆ ముఖం మీద ఎర్రటి నోరు, పళ్ళతో సహా. పైగా జోకులు. ఎవడడిగాడు? మళ్ళీ తియ్యండి బాబూ అని ఏళ్ళ తరబడి కాళ్ళావేళ్ళా పడ్డాం, నిజమే. నోరు పెట్టమని ఎవరన్నారు?

తమ్ముడికి చూపించకూడదనుకున్నాను. నాకంటే ముందే చూశాడట. మొదటి ఎపిసోడ్ పద్దెనిమిదిన కదా, అది చూసే ఆసుపత్రికెళ్తా, నువ్వు కూడా రా అన్నాడు.

ఒక నిజం కూడా రాసుకోవాలి. ట్రైలర్ మళ్ళీ మళ్ళీ చూశాను. మేక బొచ్చు గాలికి కదులుతోంది. పాత సీరియల్లో అది అట్టముక్కలా ఉండేది. సంతోషంతో నా గుండె ఆగినంత పనయింది. సిగ్గులేని గుండె.

మార్చి 18, సాయంత్రం 7

వాళ్ళింట్లో చూశాం. వాడు నేల మీద గోడకి ఆనుకుని, చిన్నప్పటిలాగే. మరదలు మంచం మీద ఆసుపత్రి బ్యాగు సర్దుతోంది, మడతపెట్టిన తువ్వాళ్ళు, కొత్త ఫ్లాస్కు.

మొదట్లో ఎంత బాగుందో. పాత సంగీతం రాగానే ఇద్దరం ఒకరినొకరు గిల్లుకున్నాం. తరువాత ఒక కుమ్మరి ముసలమ్మ మట్టిబుర్రని ఒళ్ళో పడుకోబెట్టుకుని నోరు దిద్దుతుంది. వాడు లేస్తాడు. మొదటి మాట అంటాడు. ఇన్నాళ్ళూ బతికినా బతకనట్టే ఉందమ్మా, అంటాడు. వెనక వయొలిన్లు.

నేను ఏడ్చాను. నన్నలా ఏడిపించినందుకు ఆ తీసినవాళ్ళ మీద అసహ్యం వేసింది. పక్కకి తిరిగి చూశాను. వాడు ఏడవలేదు. రిమోట్ చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు.

మార్చి 19

ఆపరేషన్ వద్దన్నాడు. పొద్దున్నే డాక్టరమ్మకి వాడే ఫోన్ చేసి చెప్పేశాడట.

పరుగున వెళ్ళాను. చూశావుగా అక్కా, మట్టిబుర్రని పుట్టించినవాళ్ళకే నోరు లేనివాణ్ణి చూస్తే జాలేసింది, ఇక జనానికి వెయ్యదా, నీ మరదలికి వెయ్యదా, నీకు వెయ్యదా అన్నాడు. అది బొమ్మరా అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు వాడు నావైపు వింతగా చూశాడు. ఇన్ని రోజులూ వాణ్ణి నిలబెట్టింది ఆ బొమ్మే. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

గుమ్మం దాకా వచ్చి మరదలు నన్ను కడిగేసింది. మీ అక్కాతమ్ముళ్ళ బొమ్మల పిచ్చి నా కొంప ముంచుతోంది వదినా అంది.

ఏప్రిల్ 3

మైకు గదికి వెళ్ళి బతిమాలాను. అగ్గిపెట్టెలాంటి గది, చిన్న ఫ్యాను, కిటికీ అద్దంలోంచి బస్సుల వరస. మందుబిళ్ళ చప్పరిస్తూ, ప్రయాణికులకు విజ్ఞప్తి అంటున్నాడు. ఆ మాట మూడు ముక్కలయింది. మధ్యలో మైకు మూసి దగ్గి, మళ్ళీ తెరిచి పూర్తిచేశాడు.

ఇంకా టైముందిరా అన్నాను. ఉన్నంతకాలం నా గొంతుతోనే ఉంటా, పోయేటప్పుడు దాన్ని తీసుకునే పోతా అన్నాడు. అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. చేతిలో ఫ్లాస్కు ఉంది, పాలు పోసిచ్చి వచ్చేశాను.

ఏప్రిల్ 17

షాపుకి ఒక పిల్ల వచ్చింది, మొదటి కళ్ళజోడు. పెట్టుకోనని ఏడుపు. మట్టిబుర్ర ఎలా మాట్లాడతాడో చెప్పవా అంటే ఏడుపు ఆపేసి చెప్పింది. ఎంత ముద్దుగా చెప్పిందో! దానికి నోరు లేని మట్టిబుర్ర తెలియనే తెలియదు.

నేనొక్క ఎపిసోడూ వదల్లేదు. ప్రతివారం తిట్టుకుంటూ చూస్తాను. మళ్ళీ వారం ఎప్పుడా అని చూస్తాను.

మే 6

బస్ స్టేషన్ మీదుగా వచ్చాను. మైకులో ఎవరో ఆడగొంతు. రికార్డెడ్. చాలా స్పష్టంగా ఉంది.

మే 22, మధ్యాహ్నం 3

పొద్దున వాడికి ఊపిరాడలేదు. ఎమర్జెన్సీలో మెడకి రంధ్రం పెట్టి గొట్టం దింపారు. వద్దన్నదే జరిగింది. గొంతూ పోయింది, రోగమూ మిగిలింది. ఊపిరితిత్తుల దాకా పాకిందట. ఇప్పుడిక తీసి ప్రయోజనం లేదని డాక్టరమ్మ చెప్పింది. మార్చిలో ఆపరేషన్ చేయించుకుని ఉంటే అని మాత్రం అనలేదు. అననందుకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

వాణ్ణి చంపెయ్యాలన్నంత కోపంగా ఉంది. ఇది ఎవరికి చెప్పుకోను?

జూన్ 1

ఫోన్ చూపించి సైగ చేశాడు. మట్టిబుర్రని పెట్టమని. కొత్తదే. మంచం మీద పక్కన కూర్చుని పెట్టాను. సౌండ్ తీసెయ్యమన్నాడు, తీసేశాను. కాసేపటికి వాడి పెదవులు కదలడం చూశాను. చప్పుడు లేదు, గొట్టంలో గాలి తప్ప. ఏమే మేకా, అంటున్నాడు. గడ్డి తిన్నాను బాబూ అన్నాను నేను. ఎపిసోడ్ సగం దాకా అలా ఆడాం. ఒకచోట మేక తప్పు మాట్లాడిందని నా చేతి మీద కొట్టాడు కూడా.

తరువాత చెయ్యి చాచి తెర మీద మట్టిబుర్ర నోటికి బొటనవేలు అడ్డం పెట్టాడు. వేలు తగిలి బొమ్మ ఆగిపోయింది. ఆగిన బొమ్మని ఇద్దరం చాలాసేపు చూశాం. నోరు లేకపోయినా బాగానే ఉన్నాడు.

వాడు నావైపు తిరిగి ఏదో అన్నాడు. ఆ ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే కళ్ళు మూసుకున్నాడు.

జూన్ 8

తమ్ముడు పోయాడు.

జూన్ 24

ఆఖరి ఎపిసోడ్. మరదలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఇందులో ఆయన ఎవరు వదినా అంది. చూపించాను.

సౌండ్ తీసేశాను. మేక మాటలన్నీ చెప్పాను. మట్టిబుర్ర నోరు తెరిచినప్పుడల్లా ఆగాను.