బ్రేకు తొక్కితే బ్యాటరీ నిండుతుందట

చిరంజీవి పిచ్చుకకు,
మామయ్య దీవించి, కాస్త కోపంగా రాస్తున్నది.

ఫోన్లో అరిస్తే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నీ మాట నమ్మి, నువ్వు పనిచేసే షోరూములోనే మైల్డ్ హైబ్రిడ్ కారు కొన్నాను. ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన నాకే మూర్ఛరోగం ఉన్న బండి అంటగట్టావు! సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి క్లచ్ వదిలానో లేదో, ఇంజను చచ్చింది. దిగి బానెట్ ఎత్తాను. పచ్చలైటు పడింది. వెనకాల హారన్ల హోరు. నలుగురు కలిసి బండిని పక్కకు తోశారు. మీ అత్తయ్య లోపలే కూర్చుని వాళ్లకు దర్జాగా చెయ్యి ఊపింది. బండి వెనక్కి తీసుకో.

ఇట్లు,
మామయ్య

తా.క.: తోసినవాళ్లలో ముగ్గురు నా శిష్యులే. "క్లచ్ నెమ్మదిగా వదలాలి మాస్టారూ" అన్నారు.

*

మామయ్యకు,
నవ్వాపుకోలేకపోతున్న మేనకోడలి నమస్కారాలు.

బండి చావలేదు, పెట్రోలు ఆదా చేయడానికి కునుకు తీసింది. క్లచ్ నొక్కితే లేచేది. మీరు దిగి బానెట్ ఎత్తారు కాబట్టి పూర్తిగా ఆగిపోయింది. అందులో ఒక చిన్న మోటారు, చిన్న బ్యాటరీ ఉన్నాయి. బండి కదిలేటప్పుడు మోటారు ఇంజనుకు సాయం పడుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత బ్యాటరీకి చేరుతుంది. ప్లగ్గు పెట్టే పనే లేదు.

మీ
పిచ్చుక

తా.క.: ప్లగ్గు సంగతి ఎందుకు రాశానంటే, మీరు దానికి కన్నం వెతుకుతూ కారు కింద ఇరుక్కున్నారని అత్తయ్య ఫోన్ చేసింది.

*

పిచ్చుకా,
మామయ్య ఆశీస్సులు, ఈసారి సంతోషంగానే.

బ్రేకు తొక్కితే బ్యాటరీ నిండుతుందా! ముందే చెప్పొద్దూ? నిన్న మీ అత్తయ్యను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ దారి పొడుగునా తొక్కుతూనే ఉన్నాను. స్పీడు పెంచడం, తొక్కడం. మళ్లీ పెంచడం, మళ్లీ తొక్కడం. సగం దారిలో ఆవిడ దిగి నడిచి వెళ్లిపోయింది. ఈ జన్మలో నా పక్కన కూర్చోదట. ఇంట్లో మాటల్లేవు. పైగా ఇంత కష్టపడ్డా పెట్రోలు ముల్లు ఇంకా తొందరగా పడిపోతోంది. ట్యాంకుకు చిల్లు ఉందేమో చూడు.

ఇట్లు,
ఒంటరి మామయ్య

తా.క.: వెనక కారతను దిగొచ్చి "నీకు డ్రైవింగ్ నేర్పిందెవరు?" అని అడిగాడు. మన స్కూలు కార్డు ఇచ్చి పంపాను.

*

మామయ్యకు,
రెండు చేతులూ జోడించి రాస్తున్నాను.

చిల్లు లేదు. మీరు గ్లాసెడు పారబోసి చెంచాడు ఎత్తుకుంటున్నారు. స్పీడు పెరగడానికి కాల్చిన పెట్రోలంతా బ్రేకుతో వెనక్కి రాదు. షోరూము మనిషిగా కాక మీ పిల్లగా నిజం చెబుతాను. ఈ బండి ఖరీదు మామూలు దానికంటే ఎక్కువ. ఆదా తక్కువే, ఆ ఎక్కువ పెట్టింది తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. పొడవాటి రోడ్డు మీద పెద్ద తేడా తెలియదు. పాడైతే వీధి మెకానిక్కు చెయ్యి పెట్టలేడు. కానీ ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్కులో మాత్రం హాయి. కుదుపు లేకుండా లేస్తుంది, ఆగినచోట పెట్రోలు తాగదు. దూరం నుంచే సిగ్నల్ చూసుకుని యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, మెత్తగా నడిపేవాళ్లకు ఇది బంగారం.

మీ
పిచ్చుక

తా.క.: మన ఇంట్లో మెత్తగా నడిపేవాళ్లు ఎవరున్నారని మాత్రం అడక్కండి.

*

పిచ్చుకకు,
అత్తయ్య ముద్దులు.

మీ మామయ్య ఉత్తరం అనుకున్నావు కదూ? నీది నేనే విప్పాను. మెత్తగా నడిపేవాళ్లు ఉన్నారే! రెండేళ్ల కిందటే లైసెన్సు తీసుకున్నాను. ఆయన దగ్గర నేర్చుకుంటే పడుకున్నా పాఠం ఆగదని ఎదురువీధి స్కూల్లో చేరాను. కారు తాళాలు తీసుకుని బయటికి నడుస్తుంటే మీ మామయ్య చెప్పులేసుకుని వెంటపడ్డారు. "ఎక్కుతారా, నడిచి వస్తారా?" అన్నాను. ఎక్కారు. వారం నుంచి నేనే నడుపుతున్నాను. పెట్రోలు ముల్లు కదలనంటోంది. బండి వెనక్కి ఇచ్చే ప్రసక్తే లేదు. ఆయన మొదటిరోజు అలిగారు. రెండోరోజు గేటు తీశారు. నిన్న పక్కింటాయనతో "మా ఆవిడ కాలు పెడితే వెన్నే" అని చెబుతుంటే చెవులారా విన్నాను.

నీ
అత్తయ్య

తా.క.: శిష్యుల పక్కన కూర్చుని బ్రేకు తొక్కిన అలవాటు ఎక్కడికి పోతుంది? దారంతా తన కాళ్ల దగ్గర లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. దానికి కూడా ఛార్జింగ్ ఎక్కుతుందేమో కనుక్కోమంటున్నారు.